కేంద్రకం ఎందుకు చెదిరిపోదు? లోపలి న్యూట్రాన్ ఎందుకు క్షయం కాదు?

మీరు అడిగినవి నాలుగు సంగతులు. పాజిటివ్ ఆవేశం ఉన్న ప్రోటాన్లు అంత ఇరుకులో ఒకదాన్నొకటి తోసేసుకోకుండా ఎలా ఉంటున్నాయి? న్యూట్రాన్లే వాటిని పట్టి ఉంచే జిగురు అంటారు, నిజమేనా? బయట ఒంటరిగా ఉంటే పావుగంటలో క్షయమైపోయే, అంటే వేరే కణాలుగా మారిపోయే న్యూట్రాన్, కేంద్రకంలో కోట్ల ఏళ్ళు ఎలా ఉండగలుగుతోంది? ఎర్ర గోలీలు, నీలం గోలీలు ముద్దగా అంటించినట్టు పుస్తకాల్లో వేసే బొమ్మ ఎంతవరకు సరైంది?

చాలా ఏళ్ళుగా ఈ సబ్జెక్టు చెబుతున్నవాణ్ణి కాబట్టి ఒక మాట ముందే చెప్తాను. ఈ నాలుగింటిలో మూడోదే అసలు ప్రశ్న. మిగతావి అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు, అది అడిగేవాళ్ళు తక్కువ. కాకపోతే అక్కడికి చేరాలంటే మొదటిది తేల్చుకోక తప్పదు.

ముందు ఆ తోపుడు ఎంతో అంకెల్లో చూద్దాం. కేంద్రకం కొలతలకు ఫెర్మీ అనే ప్రమాణం వాడతాం. మీటరులో 10⁻¹⁵ వంతు అన్నమాట. పరమాణువు అడ్డంగా లక్ష ఫెర్మీల పైమాటే. బంగారం కేంద్రకం వ్యాసార్ధం మాత్రం 7 ఫెర్మీలు. రెండు ప్రోటాన్లను 2 ఫెర్మీల ఎడంలో ఉంచి విద్యుత్ బలాన్ని లెక్కగట్టే కూలుంబ్ సూత్రంలో అంకెలు వేస్తే వికర్షణ దాదాపు 58 న్యూటన్లు వస్తుంది. ఆరు కిలోల బరువును చేత్తో ఎత్తి పట్టుకోవడానికి ఎంత బలం కావాలో అంత. ఆ బలం పనిచేసేది 1.67×10⁻²⁷ కిలోల కణం మీద! ఇక గురుత్వాకర్షణ దాన్ని ఆపుతుందేమో అన్న ఆశ అక్కర్లేదు. రెండు ప్రోటాన్ల మధ్య అది ఈ వికర్షణ కంటే సుమారు 10³⁶ రెట్లు తక్కువ.

కాబట్టి ఇంకో బలం ఉండి తీరాలి. విచిత్రం ఏమిటంటే, కేంద్రకాన్ని కనిపెట్టిన ప్రయోగంలో ఆ బలం జాడే లేదు. 1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ పలచటి లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలను (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన ముద్దలను) పంపితే ఎక్కడో వేలల్లో ఒకటి వెనక్కి తిరిగి వచ్చింది. దాన్ని పట్టుకుని 1911లో రూథర్‌ఫర్డ్, పరమాణువు బరువంతా మధ్యలో చిన్న చోట ఉందని తేల్చాడు. ఆయన లెక్కలో ఉన్నది విద్యుత్ వికర్షణ ఒక్కటే, అయినా లెక్క సరిపోయింది. ఎందుకంటే అప్పుడు దొరికే ఆల్ఫా కణాలకు ఉన్న శక్తితో అవి బంగారం కేంద్రకం మధ్యబిందువుకు 30 ఫెర్మీల దూరం దాకా మాత్రమే వెళ్ళి ఆగిపోతాయి. కేంద్రకం అంచు 7 ఫెర్మీల దగ్గరే అయిపోతుంది. అంటే అవి దాన్ని తాకనే లేదు. తోపుడు తక్కువగా ఉండే హైడ్రోజన్ మీద ప్రయోగాలు చేశాక గానీ లెక్క తప్పడం మొదలవలేదు. 1921లో చాడ్విక్, బీలర్ చేసిన ప్రయోగంలో, బాగా దగ్గరికి వెళ్తే కూలుంబ్ సూత్రానికి లొంగని బలమైనదేదో పనిచేస్తోందని తేలింది.

ఇందులోనే కీలకం ఉంది. కేంద్రక బలం చాలా గట్టిది అని అందరూ చెప్తారు. గట్టిది కావడం కంటే దాని పొట్టితనం ముఖ్యం అంటాను నేను. ఒకటి రెండు ఫెర్మీల దూరంలో అది విద్యుత్ వికర్షణను చిత్తుగా ఓడిస్తుంది. మూడు నాలుగు ఫెర్మీలు దాటితే దాదాపు లేనట్టే. మరీ దగ్గరికి, అంటే అర ఫెర్మీ లోపలికి తోస్తే అదే బలం తిరగబడి వికర్షణగా మారుతుంది. అందుకే కేంద్రకం ఒక పరిమాణం దగ్గర నిలుస్తుంది, లోపలికి కుప్పకూలదు. ఇది ఇంత పొట్టిగా ఎందుకుంది అన్న ప్రశ్నకు 1935లో జపాన్ శాస్త్రవేత్త యుకావా ఒక ఊహ చేశాడు. బలాన్ని మోసే కణానికి ద్రవ్యరాశి ఉంటే, ఆ బలం పరిధి దానికి విలోమంగా తగ్గుతుందని. ఆయన ఊహించిన ద్రవ్యరాశి ఎలక్ట్రాన్ కంటే సుమారు 200 రెట్లు. 1947లో కాస్మిక్ కిరణాల ఫొటోల్లో ఆ కణం, అంటే పయాన్, దొరికినప్పుడు అది 273 రెట్లుగా తేలింది. ఆ ద్రవ్యరాశికి లెక్కవేస్తే పరిధి 1.4 ఫెర్మీలు వస్తుంది. మూలంలో ఇది, ఇంకా చిన్న కణాలైన క్వార్కులను ప్రోటాన్ లోపల బంధించే బలమే. ప్రోటాన్ బయటికి కాస్తంత మిగిలినట్టు కనిపించే దాన్ని మనం కేంద్రక బలం అంటున్నాం.

పరిధి పొట్టిదైతే ఏమవుతుంది? కిక్కిరిసిన జనంలో నిలబడ్డ మనిషి తన చుట్టూ ఆనుకుని ఉన్నవాళ్ళ చేతులే పట్టుకోగలడు, గుంపు వందమందైనా వెయ్యిమందైనా. ప్రోటాన్, న్యూట్రాన్ రెండిటినీ కలిపి న్యూక్లియాన్ అంటాం. ఒక్కో న్యూక్లియాన్ తన పక్కన ఉన్నవాటినే ఆకర్షిస్తుంది. అందుకే కేంద్రకంలో ఎన్ని ఉన్నా ఒక్కోదానికి దక్కే బంధన శక్తి (విడదీయడానికి పెట్టాల్సిన శక్తి) ఇంచుమించు ఒకటే, 8 ఎంఈవీలు. ఎంఈవీ అంటే మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. రసాయన చర్యల్లో ఒక్కో పరమాణువుకు చేతులు మారేది కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి, ఇది దానికి లక్షల రెట్లు అనుకోండి. కేంద్రకం వ్యాసార్ధం న్యూక్లియాన్ల సంఖ్య ఘనమూలాన్ని 1.2 ఫెర్మీలతో గుణిస్తే వస్తుంది. అంటే ఘనపరిమాణం సంఖ్యకు తగ్గట్టు పెరుగుతుంది, సాంద్రత మాత్రం అన్నిటికీ ఒకటే. ఆ సాంద్రతతో ఒక ఘన సెంటీమీటరు పదార్థం ఉంటే దాని బరువు 23 కోట్ల టన్నులు. కార్బన్‌కీ సీసానికీ అదే సాంద్రత అన్నది చాలామంది గమనించని విషయం. 1950లలో స్టాన్‌ఫర్డ్‌లో హాఫ్‌స్టాటర్ వేగమైన ఎలక్ట్రాన్లను కేంద్రకాల మీదికి పంపి ఆవేశం ఎలా పరుచుకుని ఉందో కొలిచాడు. మధ్యలో దాదాపు సమంగా ఉండి, అంచు దగ్గర సుమారు 2.3 ఫెర్మీల మందంలో క్రమంగా పలచబడుతుందని తేలింది. కేంద్రకానికి గీత గీసినట్టు ఉండే ఉపరితలం లేదు.

ఇప్పుడు జిగురు సంగతి. న్యూట్రాన్లు జిగురు అనే మాట సగం నిజం, ఆ సగమే తికమక పెడుతుంది. జిగురైతే రెండు న్యూట్రాన్లు ఒకదానికొకటి ఇంకా తేలిగ్గా అతుక్కోవాలి, వాటి మధ్య తోపుడు కూడా లేదు కదా. కానీ రెండు న్యూట్రాన్లతో నిలిచే కేంద్రకం లేదు. రెండు ప్రోటాన్లతోనూ లేదు. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిస్తే మాత్రం డ్యుటెరాన్ వస్తుంది, అదీ 2.22 ఎంఈవీలతో అంతంత మాత్రంగా. ఎందుకంటే కేంద్రక బలం, కణాలకు సహజంగా ఉండే భ్రమణం లాంటి గుణమైన స్పిన్‌ను బట్టి మారుతుంది. రెండు కణాల స్పిన్‌లు ఒకే దిశలో ఉన్నప్పుడు ఆకర్షణ కాస్త ఎక్కువ. ఒకే రకం కణాలు రెండు, ఒకే శక్తి స్థాయిలో, స్పిన్ కూడా ఒకే దిశలో ఉండటాన్ని పౌలీ వర్జన నియమం ఒప్పుకోదు. ప్రోటాన్, న్యూట్రాన్ వేరు వేరు కణాలు కాబట్టి వాటికి ఆ అడ్డు లేదు.

న్యూట్రాన్ చేసే అసలు మేలు ఇది: ఆకర్షణలో తన వాటా ఇస్తుంది, విద్యుత్ తోపుడులో చేరదు. చిన్న కేంద్రకాల్లో రెండూ సమానంగా ఉంటే సరిపోతుంది. కాల్షియం-40లో 20 ప్రోటాన్లు, 20 న్యూట్రాన్లు (పేరు పక్కన అంకె మొత్తం న్యూక్లియాన్ల సంఖ్య). బరువు పెరిగేకొద్దీ ప్రోటాన్ల వికర్షణను తట్టుకోవడానికి న్యూట్రాన్లు ఎక్కువ కావాలి. సీసం-208లో 82 ప్రోటాన్లకు 126 న్యూట్రాన్లు. అలా అని న్యూట్రాన్లు పోస్తూ పోతే గట్టిపడుతుందా అంటే, లేదు. కింది శక్తి స్థాయిలు నిండిపోయాక కొత్త న్యూట్రాన్ పై స్థాయిలో కూర్చోవాలి, దాని శక్తి ఎక్కువ. ఒక దశలో అది ప్రోటాన్‌గా మారిపోతేనే మొత్తానికి శక్తి ఆదా అవుతుంది. అప్పుడు అది ఎలక్ట్రాన్‌ను వదిలి ప్రోటాన్ అవుతుంది, దీన్నే బీటా క్షయం అంటాం.

ఇక మీ మూడో ప్రశ్నకు వద్దాం. ఇక్కడ కాస్త నింపాదిగా లెక్క చేద్దాం, ఎందుకంటే లెక్క చేస్తేనే విషయం కళ్ళకు కడుతుంది.

ద్రవ్యరాశిని కూడా శక్తి ప్రమాణాల్లోనే చెప్తాను. ప్రోటాన్ 938.272 ఎంఈవీ, న్యూట్రాన్ 939.565, ఎలక్ట్రాన్ 0.511. న్యూట్రాన్ విడిగా ఉంటే ప్రోటాన్‌గా, ఎలక్ట్రాన్‌గా, యాంటీ న్యూట్రినో అనే, ఆవేశం లేని అతి తేలికైన కణంగా మారవచ్చు. ప్రోటాన్‌నీ ఎలక్ట్రాన్‌నీ కూడితే 938.783. ఇది న్యూట్రాన్ కంటే 0.782 తక్కువ. శక్తి మిగులుతోంది కాబట్టి మార్పు జరుగుతుంది. సగటు ఆయుష్షు 880 సెకన్ల దగ్గర, అర్ధాయువు (సగం కణాలు క్షయమవడానికి పట్టే కాలం) పది నిమిషాల పైన. (ఈ సగటు ఆయుష్షు విషయంలో ఓ చిన్న గొడవ ఇంకా నడుస్తోంది. న్యూట్రాన్లను పాత్రలో బంధించి కొలిస్తే ఒక విలువ, పుంజంగా పంపి కొలిస్తే దానికంటే సుమారు 9 సెకన్లు ఎక్కువ విలువ వస్తోంది.)

ఇప్పుడు అదే న్యూట్రాన్ డ్యుటెరాన్‌లో ఉందనుకోండి. డ్యుటెరాన్ ద్రవ్యరాశి 1875.613. లోపలి న్యూట్రాన్ క్షయమైతే మిగిలేవి రెండు ప్రోటాన్లు, ఒక ఎలక్ట్రాన్. రెండు ప్రోటాన్లు కలిసి నిలవవు కాబట్టి విడివిడిగానే లెక్కపెట్టాలి: 1876.544 ప్లస్ 0.511, మొత్తం 1877.055. అంటే క్షయం కావాలంటే ఇంకో 1.44 ఎంఈవీ ఎక్కడినుంచో తేవాలి. తెచ్చేవాళ్ళు లేరు. అందుకే డ్యుటెరాన్‌లోని న్యూట్రాన్‌కు క్షయమే లేదు. దాన్ని ఎవరో గట్టిగా పట్టుకుని ఆపడం కాదు. అది మారితే వచ్చే ఫలితానికి చాలినంత శక్తి ఆ కేంద్రకంలో లేదు, అంతే.

చూశారా, ఇక్కడ ఆయుష్షు న్యూట్రాన్‌ది కాదు, మొత్తం కేంద్రకానిది. న్యూట్రాన్ ఎంతకాలం ఉంటుంది అని దాన్నొక్కదాన్నీ అడిగితే జవాబు లేదు. ఏ కేంద్రకంలో ఉంది, మారాక ఆ కేంద్రకం ఏమవుతుంది అని అడగాలి.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ట్రిటియం. ఒక ప్రోటాన్, రెండు న్యూట్రాన్లు. ఒక న్యూట్రాన్ మారితే హీలియం-3 అవుతుంది. ట్రిటియం బంధన శక్తి 8.482, హీలియం-3ది 7.718. రెండు ప్రోటాన్లు చేరి తోసుకుంటాయి కాబట్టి రెండోదానిలో బంధం కాస్త బలహీనం. మారినందుకు పోయే బంధన శక్తి 0.764. న్యూట్రాన్ మారడం వల్ల వచ్చేది 0.782. వచ్చేదానిలోంచి పోయేది తీసేస్తే చేతిలో మిగిలేది 0.018 చిల్లర. అంత బొటాబొటిగా సరిపోతోంది కాబట్టి క్షయం జరుగుతుంది గానీ చాలా నెమ్మదిగా. పది నిమిషాల అర్ధాయువు కాస్తా 12.3 ఏళ్ళయింది. బంధన శక్తుల్లో తేడా ఇంకో 0.02 ఎంఈవీ ఉండి ఉంటే ట్రిటియం ఇలా క్షయమయ్యేదే కాదు.

ఇదే లెక్క తిరగేస్తే ఇంకో వింత. బయట ప్రోటాన్ ఎప్పటికీ క్షయం కాదు, కనీసం ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. కేంద్రకంలో మాత్రం ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారగలదు! ఫ్లోరిన్-18 అలాంటిదే, ఆస్పత్రుల్లో పెట్ స్కాన్‌కు వాడేది. దానిలో ఒక ప్రోటాన్, ఎలక్ట్రాన్ లాంటిదే కానీ పాజిటివ్ ఆవేశం ఉన్న పాజిట్రాన్‌ను వదిలి న్యూట్రాన్ అవుతుంది. ఈ మార్పుకు 1.80 ఎంఈవీ ఖర్చవుతుంది. అయితే వచ్చే ఆక్సిజన్-18 బంధం ఫ్లోరిన్-18 కంటే 2.44 ఎంఈవీ గట్టిది. పోగా మిగిలిన 0.63 పాజిట్రాన్, న్యూట్రినో పంచుకుంటాయి. అర్ధాయువు 110 నిమిషాలు. స్థిరంగా ఉండేది ప్రోటాన్ అని, లేనిది న్యూట్రాన్ అని మనసులో ముద్రపడి ఉంటే దాన్ని ఇక్కడితో చెరిపేసుకోండి.

బీటా క్షయంలో ఎలక్ట్రాన్ బయటికి వస్తోంది కాబట్టి అది లోపల ముందే ఉందేమో అన్న అనుమానం రావడం సహజం. 1932కు ముందు భౌతిక శాస్త్రవేత్తలు కూడా అలాగే అనుకున్నారు. నైట్రోజన్-14 అంటే 14 ప్రోటాన్లు, వాటిలో ఏడింటి ఆవేశాన్ని కొట్టేసే 7 ఎలక్ట్రాన్లు అని. లెక్కపెడితే 21 కణాలు. ఒక్కోదాని స్పిన్ అర. బేసి సంఖ్యలో అరలు కలిపితే పూర్ణాంకం రాదు. కొలిస్తే నైట్రోజన్ కేంద్రకం స్పిన్ 1. పైగా ఎలక్ట్రాన్‌ను 5 ఫెర్మీల చోటులో ఇరికిస్తే అనిశ్చితత్వ నియమం (చోటు ఎంత ఇరుకైతే కణం కదలిక అంత ఎక్కువ కావాలనేది) ప్రకారం దానికి 40 ఎంఈవీల దాకా శక్తి రావాలి, బయటికి వచ్చేవాటికి సాధారణంగా ఉండేది కొద్ది ఎంఈవీలే. చాడ్విక్ 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టాక ఈ చిక్కులు ఒక్కసారిగా విడిపోయాయి. 7 ప్రోటాన్లు, 7 న్యూట్రాన్లు, మొత్తం 14, సరి సంఖ్య. ఎలక్ట్రాన్ ఆ క్షణంలో పుడుతుంది, అంతకుముందు అక్కడ ఉండదు.

బరువైన మూలకాలు ఎందుకు నిలవవో కూడా పొట్టి పరిధి నుంచే వస్తుంది. ఆకర్షణ పక్కవాటి మధ్యే, వికర్షణ మాత్రం ప్రతి ప్రోటాన్‌కూ ప్రతి ప్రోటాన్‌తోనూ. ఇనుము-56 మొత్తం బంధన శక్తి 492 ఎంఈవీ. అందులో ప్రోటాన్ల వికర్షణ తినేసింది సుమారు 120. యురేనియం-238కి వస్తే బంధన శక్తి 1802, వికర్షణ తినేసింది 950 పైనే. 92 ప్రోటాన్లలో 4,186 జతలు ఉన్నాయి మరి. అందుకే న్యూక్లియాన్‌కు దక్కే బంధన శక్తి ఇనుము, నికెల్ దగ్గర 8.8 దాకా ఎక్కి, అక్కడినుంచి మెల్లగా దిగుతూ యురేనియంలో 7.6కు వస్తుంది. (రికార్డు ఇనుము-56ది అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. వెంట్రుకవాసి తేడాతో అది నికెల్-62ది.) యురేనియం-235 రెండుగా చీలితే ముక్కలు ఆ కొండ మీద కొంచెం పైకి చేరతాయి, దాదాపు 200 ఎంఈవీ బయటపడుతుంది. అందులో ఎక్కువ భాగం, విడిపోయిన రెండు ముక్కలు ఒకదాన్నొకటి విద్యుత్ వికర్షణతో తోసుకోవడం వల్ల వచ్చే వేగమే. చెప్పాలంటే విచ్ఛిత్తి శక్తి అని పిలుస్తున్నది చాలావరకు విద్యుత్ శక్తే, కేంద్రక బలం దాన్ని అప్పటిదాకా అదుపులో పెట్టి ఉంచింది.

ఆల్ఫా క్షయం సంగతి కొంచెం వేరు. కేంద్రక బలం ఆల్ఫా కణాన్ని లోపలే పట్టి ఉంచుతుంది, దాటాల్సిన అడ్డుగోడకు చాలినంత శక్తి దానికి లేదు. అయినా క్వాంటమ్ నియమాల ప్రకారం గోడ అవతల కనిపించే సంభావ్యత కాస్త ఉంటుంది. 1928లో గామోవ్ ఇది లెక్కవేశాడు, అదే ఏడాది గర్నీ, కాండన్ విడిగా వేశారు. పొలోనియం-212 నుంచి వచ్చే ఆల్ఫాకు 8.8 ఎంఈవీ, అర్ధాయువు సెకనులో 30 లక్షల వంతు కంటే కొద్దిగా అటూ ఇటూ. థోరియం-232 ఆల్ఫాకు 4 ఎంఈవీ, అర్ధాయువు 1,400 కోట్ల ఏళ్ళు. శక్తి రెండు రెట్లే మారితే కాలం 10²⁴ రెట్లు మారింది. భౌతికశాస్త్రంలో ఇంత విపరీతమైన తేడాను ఒకే చిన్న సూత్రం వివరించడం అరుదు. బిస్మత్-209 స్థిరమైనదని ఎంతోకాలం అనుకున్నారు. 2003లో ఫ్రాన్స్‌లో పరిశోధకులు అది కూడా ఆల్ఫాను వదులుతుందని పట్టుకున్నారు. అర్ధాయువు సుమారు 2×10¹⁹ ఏళ్ళు, విశ్వం వయసుకు వంద కోట్ల రెట్లకు పైగా. కాబట్టి ఇప్పుడు జాబితాలో ఆఖరి స్థిర మూలకం సీసం.

బొమ్మ గురించి అడిగారు. గోలీల బొమ్మలో పెద్ద తప్పు రంగులు కాదు, అవి కదలకుండా ఉండటం. లోపల న్యూక్లియాన్లు కాంతి వేగంలో దాదాపు నాలుగో వంతు వేగంతో తిరుగుతుంటాయి. ఈ చివరి నుంచి ఆ చివరికి 10⁻²² సెకన్లలో వెళ్ళిపోతాయి. ఒక్కోటి గోలీలా ఒక చోట కూర్చోదు, దాని తరంగం కేంద్రకం అంతటా పరుచుకుని ఉంటుంది.

ఇక్కడ రెండు నమూనాల తగువు ఉంది, ఇది తెలుసుకోదగ్గది. కేంద్రకాన్ని ద్రవబిందువుగా తీసుకుని, ఉపరితల తన్యత లాంటిది కలిపి, 1935లో వైజ్సాకర్ ఒక సూత్రం రాశాడు. అది వందలాది కేంద్రకాల బంధన శక్తిని ఒకటి రెండు శాతం తేడాతో చెప్పేస్తుంది. ద్రవంలో అణువులు నిరంతరం ఢీకొంటుంటాయి. మరోవైపు ప్రోటాన్లు గానీ న్యూట్రాన్లు గానీ 2, 8, 20, 28, 50, 82, 126 ఉంటే (వీటినే మేజిక్ సంఖ్యలు అంటారు) కేంద్రకాలు మామూలుకు మించి గట్టిగా ఉంటాయి. తగరంలో 50 ప్రోటాన్లు, దానికి ఏకంగా పది స్థిర ఐసోటోపులు (న్యూట్రాన్ల సంఖ్యలో మాత్రమే తేడా ఉన్న రూపాలు). సీసం-208లో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ రెండూ ఈ జాబితాలోవే. ఇవి రావాలంటే ఒక్కో న్యూక్లియాన్ పక్కదాన్ని పట్టించుకోకుండా తన కక్ష్యలో హాయిగా తిరుగుతున్నట్టు ఉండాలి. 20 తర్వాతి సంఖ్యలు ఎంతకీ రాక అందరూ తల పట్టుకుంటే, స్పిన్‌కూ కక్ష్యకూ మధ్య బలమైన ముడి ఉందని పెడితే అన్నీ వచ్చేస్తాయని 1949లో మరియా మేయర్ చూపించింది. ఆ దిశగా ఆలోచన ఫెర్మీ అడిగిన ఒక ప్రశ్నతో మొదలైంది, ఆ సంగతి ఆమె తన పేపర్లోనే చెప్పింది. అదే ఏడాది జర్మనీలో యెన్సెన్ బృందం కూడా విడిగా అదే కనుక్కుంది. ఇద్దరికీ 1963లో నోబెల్ వచ్చింది.

అంత కిక్కిరిసిన చోట ఢీకొనకుండా తిరగడం ఎలా సాధ్యం? మళ్ళీ పౌలీ నియమమే. రెండు న్యూక్లియాన్లు ఢీకొంటే ఒకటి వేరే స్థాయికి వెళ్ళాలి. దగ్గరున్న స్థాయిలన్నీ నిండిపోయి ఉన్నాయి. వెళ్ళడానికి చోటు లేనప్పుడు ఢీకొన్నా ఫలితం ఉండదు. బయటి నుంచి శక్తి ఇచ్చి పై స్థాయిలకు దారి తెరిస్తే, అప్పుడు అది ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఏ నమూనా సరైంది అని పరీక్షల్లో అడగడం నాకు నచ్చదు. ప్రశ్నను బట్టి ఒకటి పనికొస్తుంది.

ఆకారం కూడా ఎప్పుడూ గుండ్రంగా ఉండదు. మేజిక్ సంఖ్యలకు దూరంగా ఉన్న చాలా కేంద్రకాలు కోడిగుడ్డులా సాగి ఉంటాయి, గిరగిరా తిరుగుతాయి కూడా. రేడియం-224 ఒక పక్క లావుగా ఇంకో పక్క సన్నగా ఉంటుందని 2013లో సెర్న్‌లో కొలిచి చెప్పారు. అన్నిటికంటే వింతైనది లిథియం-11. 1985లో తనిహాటా బృందం దాని పరిమాణం కొలిస్తే ఉండాల్సినదానికంటే చాలా పెద్దగా వచ్చింది. ఘనమూలం సూత్రం ఇక్కడ చెల్లలేదు. తొమ్మిది న్యూక్లియాన్ల గట్టి ముద్ద చుట్టూ రెండు న్యూట్రాన్లు దూరంగా పలచటి పొగమంచులా పరుచుకుని ఉన్నాయి. ఆ రెండూ కలిసి 0.37 ఎంఈవీతోనే అతుక్కుని ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని తీసేస్తే మిగిలిన లిథియం-10 నిలవదు. ముద్దను తీసేస్తే రెండు న్యూట్రాన్లూ నిలవవు. మూడూ కలిస్తేనే ఉంటుంది, అదీ సెకనులో వందో వంతు లోపే.

న్యూట్రాన్లు బయటికి పరుచుకోవడం కొద్ది మోతాదులో మామూలు బరువు కేంద్రకాల్లోనూ ఉంది. సీసం-208లో 44 న్యూట్రాన్లు అదనంగా ఉన్నాయి కదా, అవి ప్రోటాన్ల అంచు దాటి ఎంత దూరం వస్తాయన్నది కొలవడం కష్టం. ఎలక్ట్రాన్లు ఆవేశాన్ని చూస్తాయి గానీ న్యూట్రాన్‌ను దాదాపు చూడవు. అందుకని అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో ఎడమ చేతివాటం, కుడి చేతివాటం స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు సీసం మీద పడి చెదరడంలో ఉండే అతి చిన్న తేడాను కొలిచారు. ఆ తేడా బలహీన బలం (బీటా క్షయాన్ని జరిపించేది) వల్ల వస్తుంది, బలహీన బలానికి ప్రధానంగా కనిపించేది న్యూట్రానే. 2021లో వాళ్ళు చెప్పిన విలువ 0.28 ఫెర్మీ, పావు వంతు దాకా అటూ ఇటూ ఉండొచ్చని. సిద్ధాంతాలు చాలావరకు ఊహించినదానికంటే ఇది మందం. ఆ మందం ఎంతో తెలిస్తే న్యూట్రాన్ నక్షత్రం వ్యాసార్ధం గురించి కూడా చెప్పొచ్చు, రెండు చోట్లా న్యూట్రాన్ పదార్థం ఎంత ఒత్తిడితో ఎదురు తిరుగుతుందన్నదే నిర్ణయిస్తుంది. మరుసటి ఏడాది అదే పద్ధతిలో కాల్షియం-48ని కొలిస్తే 0.12 ఫెర్మీయే వచ్చింది, ఊహించినదానికంటే పలచన. ఇప్పుడున్న లెక్కల పద్ధతుల్లో సీసానికి సరిపెడితే కాల్షియానికి చెడుతోంది, కాల్షియానికి సరిపెడితే సీసానికి చెడుతోంది.